డెబ్బీ బిస్కట్ డబ్బా

ఓ పెద్ద స్టోర్‌లో నలభై మంది రెండు నెలలపాటు గుట్టుగా చేసిన పనిని నాలుగు నిమిషాల్లో అటుకులు చేసేసిన ఘనత నాది. ఆ నాలుగు నిమిషాలూ నేను మహా గర్వంగా ఉన్నానని కూడా ముందే ఒప్పేసుకుంటున్నాను. దాచి లాభం లేదు. కెనడాలోని సార్నియాలో మా పాత స్టోర్ వాళ్లు నలుగురు కలిస్తే ఇప్పటికీ ఈ కథే చెప్పుకుని నవ్వుతారు, నేను పక్కనే ఉన్నా సరే.

అప్పట్లో నేను అక్కడి కాలేజీలో చదువుతూ, ఊరి చివరనున్న ఆ స్టోర్‌లో పార్ట్‌టైమ్ క్యాషియర్‌గా చేసేదాన్ని. నా పేరు లావణ్య. బ్యాడ్జీ మీద అంత పేరు పట్టదని మేనేజర్ కెవిన్ దాన్ని 'లావా' అని కుదించాడు. తణుకులో ఇరవై రెండేళ్లు నెమ్మదస్తురాలినని పేరు తెచ్చుకుని, ఇక్కడికొచ్చి అగ్నిపర్వతంలోంచి కారే పదార్థాన్నయ్యాను. జరగబోయేది ఆయనకి ముందే తెలిసిందేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.

నా పక్క కౌంటర్ డెబ్బీది. ఆవిడ ఆ స్టోర్‌లో పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. గంటకొక బస్సు వచ్చే ఊళ్లో కారు లేని నన్ను, నా రూమ్మేట్ స్రవంతిని తన పాత కారులో ఎక్కించుకుని ఇంటి దగ్గర దింపేది. పెట్రోల్‌కి ఏమైనా తీసుకోమంటే వినేది కాదు. అమ్మ పంపిన చేగోడీలు ఓసారి ఇస్తే, ఒకటి తీసుకుని సగానికి విరిచి, ఎడమ బుగ్గన పెట్టుకుని చప్పరించింది.

"కొరికి తినాలి డెబ్బీ, మజా అంతా కొరకడంలోనే ఉంది" అన్నాను.

"కుడివైపు దవడ పన్ను పాడైందమ్మా. నా గంటలు తగ్గించేశారు కదా, దాంతో పళ్ల వైద్యానికి కంపెనీ ఇచ్చే డెంటల్ ప్లాన్ పోయింది. ఆరు నెలలుగా ఒకవైపే నములుతున్నా" అంది, వాతావరణం గురించి చెప్పినట్టు.

నేను అయ్యో అన్నాను. అయ్యో అనడం తప్ప ఇంకేదైనా చేయొచ్చని నాకు తట్టలేదు. ఆవిడకి తట్టిందన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఈలోగా కెవిన్ నాకొక పదవి ఇచ్చాడు: కార్డు సెక్యూరిటీ ఇన్‌చార్జి. పేరు విని పొంగిపోయాను గానీ, ఇంకెవరూ ఒప్పుకోకపోతే నాదాకా వచ్చిందట. రోజూ పొద్దున్న స్టోర్ తెరవకముందే ప్రతి కౌంటర్‌లోని కార్డు మిషన్నీ చూడాలి. సీలు చిరిగిందా, నంబరు సరిపోయిందా, కార్డు వివరాలు దొంగిలించడానికి ఎవరైనా దానికేమైనా తగిలించారా అని పరీక్షించి లాగ్ బుక్కులో రాయాలి. కస్టమర్ల వివరాలున్న కాగితం బయట ఎక్కడ కనబడినా చదవకూడదు, ఎవరికీ చూపించకూడదు, వెంటనే ష్రెడ్డర్ మిషన్లో వేసి పీలికలు చేసెయ్యాలి.

దీనికొక ట్రైనింగ్ వీడియో, చివర పది ప్రశ్నలు. తొమ్మిదింటికి సరిగ్గానే రాశాను. ఏడో ప్రశ్న దగ్గర బోల్తా పడ్డాను. 'మీ మేనేజర్ వచ్చి కస్టమర్ కార్డు వివరాలు చెప్పమంటే ఏం చేస్తారు?' అన్నది ప్రశ్న. 'వెంటనే చెప్తాను' అని టిక్కు పెట్టాను. పెద్దవాళ్లు అడిగితే చెప్పకపోవడం ఏ బడిలో నేర్పారు మనకి?

కెవిన్ నా జవాబు చూసి తలపట్టుకున్నాడు. (ఆయనా డెబ్బీ మాట్లాడేది ఇంగ్లీషే. మీకోసం తెలుగులో చెప్తున్నాను.)

"లావా, నాక్కూడా చెప్పకూడదు. అర్థమైందా? దేవుడొచ్చి అడిగినా చెప్పకూడదు."

"మీక్కూడానా సార్?"

"నాక్కూడా! ఏదీ, అను."

"మీక్కూడా చెప్పను సార్" అని బడిపిల్లలా అప్పజెప్పాను.

ఆ రోజు నుంచి నా ప్రతాపం చూడాలి. కొబ్బరికాయ కొనేటప్పుడు చెవి దగ్గర పెట్టుకుని ఆడించినట్టు ప్రతి కార్డు మిషన్నీ ఆడించేదాన్ని. పొద్దున్న చూసింది చాలక స్టోర్ తెరిచాక కూడా మరోసారి చూసేదాన్ని, కార్డు చేత్తో పట్టుకున్న కస్టమర్లు నా తనిఖీ అయ్యేదాకా ఆగాల్సిందే. ఓసారి మిషన్ బాగు చేయడానికి నిజంగానే వచ్చిన మెకానిక్‌ని, ఐడీ కార్డు మీద ఫొటోలో గడ్డం ఉందనీ మొహమ్మీద లేదనీ ముప్పావుగంట మంచులో నిలబెట్టాను.

అంత నిఘా పెట్టినదానికి కళ్లెదుట జరుగుతున్నది మాత్రం కనబడలేదు. నేను బ్రేక్ రూమ్‌లోకి అడుగుపెట్టగానే అందరూ మాటలాపి మైక్రోవేవ్ వంక చూసేవారు. ఓసారి తలుపు దగ్గర, "కార్డు సైన్ చేశావా?" అని డెబ్బీ ఎవరినో అడగడం చెవిన పడింది. మా స్టోర్‌కి సొంత క్రెడిట్ కార్డొకటి ఉండేది. దానికి కస్టమర్లని చేర్పిస్తే కెవిన్ మెచ్చుకునేవాడు. సరే, వీళ్లంతా కార్డులు పోగేస్తూ నాకు పోటీగా వస్తున్నారన్నమాట, అనుకున్నాను. ఆ మాటకొస్తే ఈ దేశంలో దిగినప్పటి నుంచి నా బతుకంతా కార్డులే కదా, ఎక్కడ కార్డు అనే మాట విన్నా నాకు తెలిసిన కార్డే అనుకోవడం అలవాటైపోయింది.

ఇక ఆ రోజు. శుక్రవారం, పదకొండున్నర. పొద్దున్న టిఫిన్ తినకుండా వచ్చాను. బ్రేక్ రూమ్‌లో ఎవరూ లేరు. ఫ్రిజ్ మీద నీలంరంగు గుండ్రటి బిస్కట్ డబ్బా ఉంది, మూత మీద మార్కర్‌తో 'డెబ్బీ' అని రాసి. నాకు చేగోడీలు తినిపించే హక్కుంటే ఆవిడ బిస్కట్లు తినే హక్కూ ఉంటుందని నాకు నేనే తీర్పు చెప్పుకుని మూత తీశాను.

మన ఇళ్లలో అయితే అలాంటి డబ్బాలో సూదీ దారం ఉంటాయి. ఇందులో కార్డులున్నాయి, రబ్బరు బ్యాండు వేసిన కట్ట. పైనున్న దానిమీద పేరు, అడ్రసు, ఫోన్ నంబరు, కింద సంతకం. పైన పెద్దక్షరాల్లో 'కార్డు' అన్న మాట ఒక్కటే నా కంట్లో పడింది, అంతే, చటుక్కున మొహం పక్కకి తిప్పేసుకున్నాను. చదవకూడదు కదా! కస్టమర్ల క్రెడిట్ కార్డు అప్లికేషన్లు తీసుకొచ్చి ఫ్రిజ్ మీద పెడతారా? ఎవరైనా చూస్తే డెబ్బీ ఉద్యోగం ఉంటుందా? పాపం, పంతొమ్మిదేళ్ల సర్వీసు! ఆవిణ్ని కాపాడాల్సిన బాధ్యత నాదే అనుకున్నాను.

కట్ట గుండెకి హత్తుకుని ష్రెడ్డర్ దగ్గరికి వెళ్లాను. మొహం గోడవైపు తిప్పుకుని, మూడేసి చొప్పున లెక్కపెట్టి మరీ వేశాను. నిలువు పీలికలు చేసే పాత మిషన్ అయినా బాగుండేది. అది కొత్తది, అడ్డంగా కూడా కోస్తుంది. తర్వాత లాగ్ బుక్కు తెరిచి రాశాను: 'బ్రేక్ రూమ్. కస్టమర్ కార్డు కాగితాలు, సుమారు నలభై. చదవలేదు. ష్రెడ్ చేయడమైనది.' 'చదవలేదు' కింద రెండు గీతలు గీశాను.

ఐదు నిమిషాలకి స్రవంతి వచ్చింది. అది కరీంనగర్ పిల్ల, మా స్టోర్‌లోనే బట్టల సెక్షన్‌లో చేసేది. వస్తూనే ఫ్రిజ్ మీది డబ్బా తీసి ఊపింది.

"ఏందే, డబ్బా ఉత్తగున్నది? ఇండ్ల కార్డులుండాలె గదా?"

"నీకెలా తెలుసే?"

"అది సరే గని, ఏడవెట్టినవ్?"

"భయపడకు, ఎవరూ చూళ్లేదు. ష్రెడ్ చేసేశా."

"ఏం జేసినవ్?"

"ష్రెడ్."

"మల్లొక్కసారి చెప్పు."

చెప్పాను. అది కుర్చీ కోసం చేత్తో వెనక్కి తడుముకుని, కుర్చీ లేకపోయేసరికి కిందే కూర్చుంది.

"అవి యూనియన్ కార్డులే తల్లీ! మాకు యూనియన్ గావాలె అని మనోళ్లు సంతకాలు వెట్టిన కార్డులు! సరిపోను సంతకాలైతే లేబర్ బోర్డోళ్లు ఓటింగ్ వెడ్తరు. ఇయ్యాల పొద్దుమీకి యూనియనాయన ఒస్తుండు తీస్కపోనీకి. నా కార్డు గూడ అండ్లనే ఉండె!"

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు కెవిన్ వెట్టిన సెక్యూరిటీ ఇన్‌చార్జివైతివి. నీకు జెప్పుడు, మైకుల జెప్పుడు, రెండొకటే గదా!"

నాకు ఏడుపొచ్చింది. మైకు అన్నందుకు కాదు, డెబ్బీ కుడి పన్ను గుర్తొచ్చింది. ఆ కార్డులు ఆవిడ ఒక్కొక్కరినీ పార్కింగ్‌లో ఆపి, ఇళ్లకి వెళ్లి, భయపడ్డవాళ్లకి నచ్చజెప్పి సంతకాలు పెట్టించుకున్నవి. 'నీ పేరు మేనేజ్‌మెంట్‌కి తెలీనివ్వను' అని ప్రతివాళ్లకీ మాటిచ్చిందట.

డెబ్బీకి నేనే చెప్పాను. ఆవిడ ష్రెడ్డర్ మూతెత్తి లోపలికి చూసింది.

"అన్నీనా?"

"అన్నీ. కానీ ఒక్కటి కూడా చదవలేదు డెబ్బీ" అన్నాను, ఓదార్పుగా.

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఈ సంగతి ఎవరికైనా చెప్పావా?" అని మాత్రం అడిగింది.

"ఎవరికీ చెప్పలేదు" అని ఊరుకుంటే ఎంత హాయిగా ఉండేది! "లాగ్ బుక్కులో రాశాను" అన్నాను.

సరిగ్గా అప్పుడే మైకులో వినబడింది: "లావా, ఆఫీసుకి రావాలి. లావా, ఆఫీసుకి."

ఆఫీసులో కెవిన్‌తో పాటు హెడ్డాఫీసు నుంచి కార్డు సెక్యూరిటీ ఆడిట్‌కి వచ్చిన ఆవిడ కూర్చుని ఉంది, ముందు నా లాగ్ బుక్కు తెరుచుకుని. కెవిన్ మొహం మామూలుగా లేదు.

"లావా, మన క్రెడిట్ కార్డు అప్లికేషన్లు టాబ్లెట్‌లోకి మారి మూడు నెలలైంది. స్టోర్‌లో కాగితం అప్లికేషన్లే లేవు. మరి నువ్వు ష్రెడ్ చేసిన నలభై కాగితాలూ ఏమిటి?"

ఆ సంగతి నాకు తెలుసు. టాబ్లెట్లకి స్టిక్కర్లు అంటించింది కూడా నేనే. కానీ తెలిసినవన్నీ అవసరానికి గుర్తొస్తే నేను ఈ కథలో ఎందుకుంటాను?

"పేర్లున్నాయా వాటిమీద?" అన్నాడు.

ఈయన చేతిలో నా షిఫ్టులున్నాయి. అబద్ధం చెప్తే ఇట్టే దొరికిపోయే మొహం నాది. నిజం చెప్తే డెబ్బీ పని అయిపోయినట్టే. అప్పుడు, ఆ ఏడో ప్రశ్న కళ్లముందు కనబడింది.

"చెప్పకూడదు సార్."

"ఏమిటి?"

"కార్డు కాగితాల మీద ఏముందో ఎవరికీ చెప్పకూడదు సార్."

"నేను మేనేజర్‌ని లావా!"

"మీక్కూడా చెప్పను సార్" అన్నాను, ఆయన నేర్పిన రాగంలోనే. "దేవుడొచ్చి అడిగినా చెప్పను. మీరే అన్నారు."

కెవిన్ ఇంకోసారి నోరు తెరిచేలోపు ఆడిటర్ ఆవిడ టేబుల్ మీద అరచేత్తో చరిచింది.

"పదకొండేళ్లుగా స్టోర్లు తిరుగుతున్నాను. మేనేజర్ మొహం మీద ఈ జవాబు చెప్పిన క్యాషియర్‌ని ఇవాళే చూస్తున్నాను! కెవిన్, ట్రైనింగ్ బ్రహ్మాండంగా ఇచ్చావు."

పొగిడింది తననే కాబట్టి కెవిన్ ఇక అడగలేకపోయాడు. వారం తిరక్కుండా హెడ్డాఫీసు నుంచి నా పేరుమీద ఫ్రేమ్ కట్టించిన సర్టిఫికెట్ వచ్చింది. బ్రేక్ రూమ్‌లో, ఆ ఫ్రిజ్‌కి పైనే, కెవిన్ స్వయంగా మేకు కొట్టి తగిలించాడు.

కార్డులకి మాత్రం మళ్లీ మొదటి నుంచి సంతకాలు పెట్టించాలి. మొట్టమొదటిది డెబ్బీ నా ముందు పెట్టింది. "ముందు నువ్వు. పూర్తిగా చదివి" అంది. రెండువైపులా, చిన్నక్షరాలతో సహా చదివాను. వెనకాల ఐదుగురు కాచుకుని ఉన్నారు.

మళ్లీ సంతకమా అని ఒకరిద్దరు విసుక్కున్నారు. కానీ ఆఫీసులో జరిగింది అప్పటికే స్టోరంతా పాకింది. పేరు బయటపడుతుందని మొదటిసారి భయపడి వెనక్కి తగ్గినవాళ్లు కూడా, "ఈ పిల్ల కెవిన్‌కే చెప్పలేదటగా" అంటూ వచ్చి సంతకాలు పెట్టారు. మొదటి కట్ట కన్నా రెండో కట్ట లావైంది.

ఆ కట్ట ఎక్కడ దాచాలి? డెబ్బీ గదంతా కలియజూసి, నా సర్టిఫికెట్ ఫ్రేమ్ దించి దాని వెనకాల పెట్టింది.

"ఈ స్టోర్ మొత్తం మీద నువ్వు ష్రెడ్ చెయ్యని కాగితం ఇదొక్కటే" అంది.

ఆ శుక్రవారం ఉత్తచేతులతో వెళ్లిన యూనియన్ ఆయన మళ్లీ వచ్చేదాకా మూడు రోజులు అవి అక్కడే ఉన్నాయి. వెనక లావుగా ఉండటంతో ఫ్రేమ్ ఓ పక్కకి ఒరిగేది. కాఫీకి వచ్చినప్పుడల్లా కెవిన్ దాన్ని జాగ్రత్తగా సరిచేసి వెళ్లేవాడు.

ఓటింగ్ జరిగింది, యూనియన్ నెగ్గింది. తర్వాత బేరసారాలు సాగీ సాగీ, అగ్రిమెంటు కుదిరేసరికి నా చదువు కూడా అయిపోయి వేరే ఊళ్లో ఉద్యోగంలో చేరాను. పోయిన వేసవిలో సార్నియా వెళ్లినప్పుడు డెబ్బీకి చేగోడీల ప్యాకెట్ పట్టుకెళ్లాను. ఆవిడ ఒకటి తీసుకుంది, విరవలేదు. కుడి బుగ్గన పెట్టుకుని నావంకే చూస్తూ కొరికింది. పక్క కౌంటర్‌కి వినబడేంత చప్పుడైంది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కారం ఎక్కువైందని అబద్ధమాడాను.

"నీ దగ్గర ఇంకేమైనా కాగితాలున్నాయా డెబ్బీ?" అన్నాను, మాట మార్చడానికి.

ఆవిడ తన డెంటల్ కార్డు తీసి చూపించి, నేను చెయ్యి చాపేలోపు మళ్లీ లోపల పెట్టేసుకుంది.

కాబట్టి నా పర్సులోని సమస్త కార్డుల సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో పరాయివాళ్ల డబ్బా మూత తియ్యను. ఆకలికి ఆగలేక తీసినా, తినేది కాకపోతే ముట్టుకోను. ముట్టుకున్నా, చదవకుండా మిషన్లో వెయ్యను. అంతకీ వేసేస్తే, చచ్చినా లాగ్ బుక్కులో రాయను.