మట్ట ఎటుంటే దారి అటు

మా ఊరి కాలవగట్టు రోడ్డు మీద కల్వర్టు కుంగిపోతే, బాగుచెయ్యడానికి ఒక గొయ్యి తవ్వారు. ఎంత లోతంటే, అందులో కొబ్బరికాయ పడేసి, ఇంటికెళ్ళి స్నానం చేసొచ్చాక చప్పుడు వినబడేది. అది కాస్త పెంచి చెప్పానేమో గానీ, పక్కన మిగిలిన దారి గురించి మాత్రం అబద్ధమాడను. మూడు మూరలు. ఒకవైపు గొయ్యి, ఇంకోవైపు కాలవ. ఆటోలనీ కార్లనీ చుట్టూ తిప్పి పంపేసి, సైకిళ్ళను మాత్రం వదిలారు. పదో తరగతి చదివే మా అమ్మాయి రోజూ బడికి వెళ్ళేది ఆ దారినే.

ఎదురెదురుగా రెండు సైకిళ్ళు పట్టవు కనుక, ఆ పని చేయించే మేస్త్రీగారు తనో ఎర్రజెండా పట్టుకుని అటు చివర నిలబడి, ఇటు చివర నా చేతికింకోటి ఇచ్చారు. "కబుర్లతో జనాన్ని ఆపడం మీకు కొత్తేంటండీ!" అన్నారు. ఆపడం నాకొచ్చు. చిక్కల్లా మా వైపు మర్యాదతోనే వచ్చింది.

మొదటిరోజు పొద్దున్నే అటు కొబ్బరిగెలలు కట్టుకున్న సైకిలాయన, ఇటు మా అమ్మాయి.

"ముందు మీ వైపు వాళ్ళని పంపండీ!" అని మేస్త్రీగారు కేకేశారు.

"అబ్బే, బరువు మోసేవారండీ, ఆయన్నే రానివ్వండి!" అన్నాను నేను.

"ఆడపిల్లండీ, బడికి ఆలస్యమైపోద్ది!"

ఇలా నాలుగుసార్లయ్యాక ఇద్దరం ఒకేసారి "ఆయ్, సరేనండీ!" అని జెండాలు దించేశాం. రెండు సైకిళ్ళూ దారిలోకి దిగాయి.

గెలల సైకిలు ఆపితే మళ్ళీ కదిలించడం కష్టం. ఆయన ఆగలేదు. నడిమధ్యలో మా అమ్మాయి బ్రేకు వేసింది. వెనక చక్రం కాలవవైపు జారింది. అంతే, ఆయన తన సైకిల్ని గోతివైపు వదిలేసి, రెండు చేతులతో మా పిల్ల హేండిల్ పట్టుకున్నారు.

"కాయలు పోతే పోయేయండి, పిల్లకేం కాలేదు" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. మా ఊళ్ళో ఇప్పటికీ దాన్నే వింతగా చెప్పుకుంటారు.

"రేపట్నుంచి అది సైకిలెక్కదు. మీరా జెండా పట్టుకోరు" అంది ఇంట్లో సంగతి విన్న మా ఆవిడ. అమ్మాయి ఏడుపు. పరీక్షలు దగ్గరపడ్డాయి, ఆ దారిలో బస్సు లేదు.

రాత్రంతా ఆలోచిస్తే అర్థమైంది. జెండాలు రెండుండటమే తప్పు. పొద్దున్నే ఒక కొబ్బరిమట్ట నరుక్కుని వెళ్ళాను. మట్ట ఏ చివరుంటే ఆ చివరి వాళ్ళే కదలాలి. అందరూ దిగి సైకిలు నడిపించుకుంటూ వెళ్ళాలి. గుంపులో ఆఖరివారు మట్టని సైకిలు వెనక కేరియర్‌కి పెట్టుకెళ్ళి అవతల అప్పగించాలి. గెలల సైకిళ్ళు ఒక్కొక్కటీ విడిగా.

"ముందు మీరే..." అని మేస్త్రీగారు అలవాటుగా మొదలెట్టారు.

"మట్ట మా దగ్గరుందండీ!"

"ఆయ్, అయితే మీరే రావాలండి!"

మర్యాద చేద్దామన్నా వీల్లేకుండా పోయింది.

బతిమాలగా బతిమాలగా మా ఆవిడ ఒప్పుకుని, తనూ వెంట వచ్చి నా వెనకే నిలబడింది. గుంపులో ఆఖరున మా అమ్మాయి, కేరియర్ మీద మట్ట. ఎదురుగా ఒక్క సైకిలూ లేదు. అవతల మేస్త్రీగారు మట్ట అందుకుని పైకెత్తి చూపించారు.

"దాటేసిందా?"

"ఆయ్, దాటేసింది."

మా ఆవిడ గట్టిగా ఊపిరి వదిలి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"అయితే ఇక్కడే ఉండండి. టిఫిన్ పట్టుకొస్తాను."