కుట్టుమిషన్ గుర్తుకు రెండు ఓట్లు

మా నియోజకవర్గానికి ఎన్నికల చరిత్ర ఉందని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. చరిత్ర అన్నాక ఏదో ఒకటి మారాలి కదా. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఇక్కడ గెలిచేది ఒకే పెద్దమనిషి. ఆయన కండువాలు మార్చాడు, కార్లు మార్చాడు, జుట్టుకు రంగు కూడా మార్చాడు. గెలవడం మాత్రం మానలేదు. ఆయన మీద ఓడిపోయే నాయకుడూ ఒకడే. ఓడీ ఓడీ ఆయనకు అదే ఉద్యోగమైంది.

కాగితం మీద ముద్ర గుద్దే రోజుల్లో అమ్మ చెయ్యి పట్టుకొని బూత్ దాకా పోయాను. తర్వాత మిషన్ వచ్చింది. ఆ తర్వాత ఎవరికి వేశామో అద్దం వెనక కాసేపు చూపించి డబ్బాలో పడిపోయే చీటీ వచ్చింది. ఇంత సరంజామా వచ్చినా మా మొఘల్‌పురా గల్లీలో ఓటు వేసే పద్ధతి మారలేదు. పోలింగ్ రోజు పొద్దున మగవాళ్లు చాయ్ హోటల్‌లో కూర్చొని "ఎవరొస్తున్రు భాయ్?" అని అడుగుతారు. పేరు తేలగానే లేచి పోయి ఆ పేరుకే గుద్దుతారు. ఎందుకంటే, "గెల్వనోనికి ఏస్తే ఓటు ఖరాబైతది గద" అంటారు. ఓటు అంటే వీళ్లకు పాల ప్యాకెట్, తప్పు చోట పెడితే విరిగిపోతుంది. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండేది. డిగ్రీ చదివేటప్పుడు గల్లీలో నిలబడి లొల్లి పెట్టుకున్నాను కూడా. "గిట్ల ఆలోచిస్తె గొర్రెలకూ మీకూ ఫరక్ ఏంది?" అని పక్కింటి కిరాణా మామను అడిగాను. ఆయన నవ్వి నా చేతిలో చాక్లెట్ పెట్టాడు.

మా గుమ్మం ముందర మోరీ మ్యాన్‌హోల్ ఒకటి ఉంది. వాన పడితే పొంగుతుంది, పడకపోయినా పొంగుతుంది. ప్రతి ఎన్నికలకూ ఆ పెద్దమనిషి వచ్చి, పైజామా ఎత్తిపట్టుకొని, మేం వేసుకున్న రాళ్ల మీద నుంచి దాటి, "ఈసారి కొత్త లైన్ వేయిస్త" అని చెప్పి పోతాడు. ఓడిపోయే ఆయన కూడా వస్తాడు. ఆయన ఆ మురికిలో నిలబడి ఫోటో దిగుతాడు, అంతే తేడా. అమ్మ ఆ గుమ్మంలోనే కూర్చొని పొద్దంతా చొక్కాలకు కాజాలు కుడుతుంది. ఒక చేత్తో ముక్కు మూసుకొని కాజాలు కుట్టడం కుదరదు కాబట్టి ఆ వాసనకు అలవాటు పడింది.

బాపుది హుస్సేనీ ఆలంలో చిన్న టైలర్ షాపు. అందరూ మాస్టర్ అంటారు. మొన్నటి ఎన్నికలకు ముందటి ఎన్నికల్లో, ఓడిపోయే ఆయన మనిషి ఒకడు మిఠాయి డబ్బాతో మా ఇంటికి వచ్చాడు.

"మాస్టర్, మీరు ఇండిపెండెంట్‌గ నిలబడున్రి. డిపాజిట్, కాగితాలు అన్ని మేం చూస్కుంటం. మీ మోరీ సంగతి గట్లనన్న బయటికొస్తది."

"నేనేంది, ఎలక్షన్లేంది భాయ్" అన్నాడు బాపు. కానీ మొహం వెలిగిపోయింది.

దీన్ని డమ్మీ పెట్టడం అంటారు. పోటీలో ఉన్న ప్రతివాడికీ బూత్‌లో ఒక ఏజెంట్‌ను కూర్చోబెట్టుకునే హక్కు ఉంటుంది, బండ్లకు పర్మిట్లు దొరుకుతాయి. పేరు డమ్మీది, కూర్చునేది పార్టీ మనుషులు, బండ్లలో తిరిగేదీ వాళ్లే. గల్లీలో పసిపిల్లకు కూడా తెలిసిన సంగతి ఇది. అన్నం తినేటప్పుడు బాపుకు విడమరచి చెప్పాను.

"బాపూ, నిన్ను డమ్మీ చేస్తున్రు."

"చెయ్యనీ బిడ్డా. మోరీ గురించి ఒక్కడన్న నోరు తెర్వాలె గద."

పది మంది ప్రతిపాదకుల సంతకాలు కావాలంటే మా గల్లీవాళ్లే చాయ్ తాగి పెట్టారు. "నీకే మాస్టర్, ఫికర్ చెయ్యకు" అని ప్రతివాడూ భుజం తట్టాడు. బాపు కోరుకున్న కుట్టుమిషన్ గుర్తే దొరికింది. లైనింగు గుడ్డ మిగులు ముక్కలతో తనే బ్యానర్ కుట్టాడు. నల్ల గుడ్డతో మిషన్, తెల్ల దారంతో దాని చక్రం. నిజం చెప్పాలంటే ఆ ఎన్నికల్లో చూడదగ్గ వస్తువు అదొక్కటే. దాన్ని పట్టుకొని సందు సందూ తిరిగాడు. జనం మోరీ గురించి వినలేదు, "మాస్టర్, నా ప్యాంటు ఎన్నడిస్తవ్?" అని అడిగారు. ఒకాయనైతే ప్రచారం మధ్యలో ఆపి కొలతలు ఇచ్చాడు. బాపు టేపు తీసి కొలిచాడు కూడా. నేను సిగ్గుతో తల తిప్పుకున్నాను.

పోలింగ్ రోజు ముగ్గురం కలిసి స్కూలుకు పోయాం. బూత్‌లో బాపు పేరున్న పాస్ మెడలో వేసుకొని ఎవడో కూర్చున్నాడు. ఓడిపోయే పార్టీ ఏజెంట్‌తో పాన్ పంచుకుంటున్నాడు. బాపును చూసి, ఎవరో ముసలాయన అనుకొని, "లైన్‌ల రా పెద్దాయన" అన్నాడు. బాపు పోయి లైన్‌లో నిలబడ్డాడు. ముందు ఆయన, తర్వాత అమ్మ, చివర నేను వేసి వచ్చాం.

లెక్కింపు రోజు బాపు ఇస్త్రీ చొక్కా వేసుకొని పోయాడు. పెద్దమనిషి మళ్లీ గెలిచాడు, పటాకులు కాల్చారు. బాపు ఒక కాగితం జేబులో పెట్టుకొని వచ్చాడు. అందులో ఒక్కో బూత్‌లో ఎవరికెన్ని పడ్డాయో రాసుకున్నాడు. మా బూత్‌లో కుట్టుమిషన్‌కు పడినవి రెండు.

మా ఇంట్లోనే ఓట్లు మూడు.

సంతకాలు పెట్టిన పది మంది గురించి ఎవరూ మాట్లాడలేదు. సిగ్గు లేనివాళ్లకు ఎదుటివాడి ఇల్లే కనబడుతుంది. "మాస్టర్, ఇంట్లోళ్లే ఏయలేదంట గద" అని కిరాణా మామ పది మంది ముందు అడిగాడు. ఆయనా ఆ పది మందిలో ఒకడు. బాపు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"మా ఆమెకు కండ్లు సరిగ కనవడ్తలెవ్వు. పక్క బటన్ నొక్కింది."

గల్లీ అంతా నవ్వింది. అమ్మ గుమ్మంలో కూర్చొని ఉంది, తల ఎత్తలేదు, చేతిలో పని ఆపలేదు. ఆ రోజు నుంచి ఆమె గుడ్డిది. ఉప్పు బదులు చక్కెర ఇస్తానని కిరాణా మామ పరాచికాలాడతాడు. ఆమె కూడా నవ్వుతుంది.

పక్క బటన్ నొక్కింది నేను. పొరపాటున కాదు. మిషన్ ముందు నిలబడ్డాను. పై వరసలో పెద్దమనిషి, అడుగున బాపు. మెడలో బాపు పాస్ వేసుకొని పాన్ నములుతున్న ఆ మనిషి, "లైన్‌ల రా" అంటే వచ్చి నిలబడ్డ బాపు, ఇద్దరూ కళ్లలో మెదిలారు. ఎలాగూ గెలవడు, ఓటు ఖరాబ్ చేసుకోవడం ఎందుకు అనుకున్నాను. అచ్చంగా ఆ మాటే అనుకున్నాను. అద్దం వెనక చీటీ వచ్చి నిలబడింది. దాని మీద పెద్దమనిషి గుర్తును నేను పూర్తిగా చూశాను, తర్వాత అది డబ్బాలో పడిపోయింది. చాయ్ హోటల్‌లో కూర్చునేవాళ్లను ఇన్నేళ్లు తిట్టాను. వాళ్లలో ఒక్కడు కూడా కన్నతండ్రిని పక్కన పెట్టి వేయలేదు.

మొన్నటి ఎన్నికలకు ముందు బాపు అమ్మను మలక్‌పేట తీసుకుపోయి కళ్లద్దాలు కొనిచ్చాడు. "ఈసారి సరిగ నొక్కాలె గద" అని గల్లీలో అందరికీ వినబడేలా చెప్పాడు. ఆయన మళ్లీ పోటీకి నిలబడలేదు, మోరీ అలాగే ఉంది. అమ్మ ఆ అద్దాలు పెట్టుకొని ఓటుకు పోయింది, వచ్చాక తీసి డబ్బాలో పెట్టి, కాజాల గుడ్డ ఒళ్లో వేసుకుంది.

కాసేపటికి బాపు ఇంట్లో ఉన్న కుట్టుమిషన్ ఆపి, చేతిసూది ఒకటి, దారం ఒకటి ఆమె వైపు చాపాడు. ఆయనకు సూది బెజ్జం కనబడడం మానేసి చాలా ఏళ్లయింది. అప్పటి నుంచి ఆయన సూదులకు దారం ఎక్కించేది అమ్మే. ఆమె అద్దాల డబ్బా తెరవకుండానే, సూదిని గుమ్మం వెలుతురుకు ఎత్తి, ఒక్కసారికే దారం ఎక్కించి ఇచ్చింది. ఆయన తీసుకొని పనిలో పడ్డాడు.

నేను ఎదురుగానే ఉన్నాను. ఎవరికేసినవ్ బిడ్డా అని ఆయన నన్ను ఇప్పటిదాకా అడగలేదు. అడిగితే బాగుండు.