మడిచిన చొక్కా చెయ్యి

మా తెలుగు అయివారు పోయిన సోమవారం కన్నుమూశారు. తిరువళ్ళూరులో నేను నర్సుగా పనిచేసే ఆసుపత్రిలోనే, నా వార్డులోనే. ఫ్లూ జ్వరంగా మొదలై నిమోనియాలోకి దిగింది. ఏడాది తిరక్కుండానే ఆయనకది రెండోసారి. మంచి మనిషని అందరూ చెప్పుకున్నారు. నేను చెప్పాల్సింది వేరే ఉంది.

కడంబత్తూరులో మా బడి అంతా తమిళమే. సాయంత్రాలు తన వసారాలో మా చేత తెలుగు దిద్దించింది ఆయనే. ఎడమచేతి వాటం. రాసేముందు ఎడమ చొక్కా చెయ్యి భుజం దాకా మడిచేవారు, మడిలోకి దిగే మనిషిలా. బద్ధకిస్తే కోప్పడరు. "రేపు దిద్దుతానన్న అక్షరం పలకకెక్కదు పాపా" అనేవారు. ఈ నాలుగు మాటలు తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆయన చలవే.

మొదటిసారి నిమోనియా వచ్చింది ఆడికృత్తిక పండగ ముందు. నయమై ఇంటికి పంపే రోజు, వెళ్ళేలోగా ఫ్లూ టీకా వేయమని డాక్టరమ్మ రాశారు. నేను ట్రే పట్టుకెళ్ళేసరికి అయివారి మణికట్టుకు పసుపు దారం ఉంది. తిరుత్తణి కావడి మొక్కుకని ఆయన భార్య ఆ పొద్దునే కాపు కట్టిందట.

"కాపు కట్టేసినాము పాపా. కావడి దించేదాకా ఒంటికి సూది తగలకూడదు" అందామె.

అయివారు అప్పటికే ఎడమ చొక్కా చెయ్యి మడుచుకుని కూర్చున్నారు. "దేవునికి నేను చెప్పుకుంటాలే. నర్సువి నువ్వు గదా, నువ్వేమంటావు పాపా?"

వేస్తే అయిపోయేది. మాదీ కావడి ఎత్తే ఇల్లే. తిరుత్తణి కొండమీద ఆయనకేమైనా అయితే నా సూది వల్లే అంటారని భయపడ్డాను. "కావడి అయినాక వేసుకుందాములే అయివారూ" అని ఆ మడత నేనే విప్పి కిందికి లాగాను. కాగితంలో మాత్రం రోగి వద్దన్నారని రాశాను. ఆయన వద్దనలేదు.

టీకా వేసుంటే బతికేవారా అని మొన్న డాక్టరమ్మను అడిగాను. "చెప్పలేమమ్మా" అన్నారు. ఆ మాటే నన్ను తినేస్తోంది.

ఎందుకంటే కృత్తిక అయిన మూడోరోజు ఆయన వార్డుకే వచ్చారు, నాకు విభూతి, పంచామృతం తీసుకుని. మణికట్టుకు దారం లేదు. ప్రసాదం తిన్నాను, కొండమీద రద్దీ గురించి అడిగాను, ఇంకో రోగి పిలిస్తే లేచాను. టీకా మాట గుర్తే రాలేదు. ఆయన కాసేపు అక్కడే నిలబడి, "సరే పాపా, పని చూసుకో" అని వెళ్ళిపోయారు.

ఆరోజు ఆయన ఎడమ చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి ఉంది. ఉక్కకనుకున్నాను.