నల్ల కొంగ, ఇటుకల పండగ

కొంగంటే తెల్లగానే ఉంటుందనుకునేదాన్ని. సాలూరు పక్కన మా ఊరి చేలల్లో అన్నీ తెల్లవే. అరకులో కిరాణా కొట్టు పెట్టాక, మొన్న చలికాలంలో మా ఇంటి వెనక పారే గెడ్డలో మొదటిసారి నల్ల కొంగని చూశాను. ఎర్ర ముక్కు, ఎర్ర కాళ్ళు, మెడ మీద ఆకుపచ్చ నిగనిగ. ఎక్కడో చలిదేశాల నుంచి వస్తుందట, ఇటువైపు ఎప్పుడోగాని కనబడదట. మా ఆయనకి చూపిస్తే, "కాకి కాస్త ఎక్కువ తిన్నట్టుంది" అన్నారు. ఆయనతో ఎప్పుడూ ఇంతే.

చలి పోయినా అది పోలేదు. చైత్రం వచ్చేసింది. ఇటుకల పండగంటే ఇక్కడి గిరిజనుల వేట పండగ, మగాళ్ళంతా విల్లంబులు పట్టుకుని వేటకి వెళ్తారు. వేట దొరికితేనే ఆ ఏడు పంట పండుతుందని నమ్మకం. చీలమండ లోతు నీళ్ళలో ఆ పిట్ట తాపీగా నడుస్తుంటే నాకు కొట్లో కాలు నిలవలేదు. దాని తెలివితక్కువతనానికి ఒళ్ళు మండింది కూడా.

మా కొట్టుకి చింతపండు తెచ్చే అన్న గెడ్డ అవతలి ఊరివాడే. వేటకి బయల్దేరుతుంటే ఆపాను.

"అన్నా, గెడ్డలో నల్ల కొంగుంది. దాన్ని మాత్రం కొట్టకు."

"నీకేటి సెల్లీ దానితోటి?"

ఏం చెప్పను? "దారి తప్పిన పిట్ట పాపం" అన్నాను. అతను విల్లు భుజాన వేసుకుని అడివివైపు నడిచాడు.

సాయంత్రం వాళ్ళ ఊరి మొదట్లో ఆడవాళ్ళు పేడనీళ్ళ బిందెలతో కాపు కాశారు. నేనూ వెళ్ళాను. ఉత్త చేతులతో తిరిగొచ్చిన మగాళ్ళ మీద పేడనీళ్ళు పోసి, నోటికొచ్చినట్టు ఎగతాళి చెయ్యడం ఆచారం. ఆ రోజు ఎవరికీ ఏమీ దొరకలేదు. అందరికంటే వెనక అన్న వచ్చాడు. నా పక్కకి రాగానే గొంతు తగ్గించాడు.

"బాణానికి అందేటంత దగ్గిరే ఉంది సెల్లీ. ఒగ్గీసినాను. ఎవలికీ సెప్పకు."

చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. రేపు వాన వెనకపడినా, చేను ఎండినా ఊరంతా అతన్నే అంటుంది. అలాగేనని తలూపాను.

అతని భార్య నవ్వుతూ నా చేతిలో నిండు చెంబు పెట్టింది. "ఎయ్యొదినా, నీ అన్నే కదా" అంది.

నాకు ఏడుపొచ్చింది. అందరూ నన్నే చూస్తున్నారు. పొయ్యకపోతే ఎందుకని అడుగుతారు.

అతను కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. ముఖం మీదే పోశాను.