ఎడమ భుజం పువ్వు

మా ఊరి ఆంజనేయస్వామి గుడిలో ఒక నియమం ఉంది. పువ్వు అడిగేవాళ్లు కళ్లు మూసుకోకూడదు. కొత్తచెరువు నుంచో గోరంట్ల నుంచో వచ్చినవాళ్లు అలవాటుగా చేతులు జోడించి కళ్లు మూసుకున్నారంటే పూజారి చెన్నప్ప కసురుతాడు. "కండ్లు తెరుచుకోండప్పా. నా చెయ్యి చూడండి" అంటాడు. ఇదేదో తాతల నాటి ఆచారమని వాళ్లు అనుకుంటారు. తాతల నాటిదీ కాదు, పాడూ కాదు. రెండువేల మూడులో మొదలైంది. చెన్నప్ప మా గంగక్క మొగుడు, నాకు బావ. గుడి ఎదురుగా ఉన్న టీ హోటలు నాది. అందుకని ఈ సంగతి నాకు తెలిసినంత ఆ స్వామికి కూడా తెలియదేమో.

పువ్వు అడగడం పెద్ద తతంగమేమీ కాదు. మన ప్రశ్న పూజారికి చెప్పాలి. ఆయన రెండు గన్నేరు పూలను చెంబు నీళ్లలో ముంచి, స్వామి కుడి భుజానికి ఒకటి, ఎడమ భుజానికి ఒకటి అంటిస్తాడు. కుడి పువ్వు ముందు రాలితే సరేనన్నట్టు, ఎడమది రాలితే వద్దన్నట్టు. మా చుట్టుపక్కల పెళ్లిళ్లు, గొడ్ల బేరాలు, బోర్లు, సర్పంచు నామినేషన్లు అన్నీ ఆ రెండు భుజాల మీదే తేలేవి. కరువు ఏళ్లలో స్వామి మరీ తొందరగా జవాబు చెప్పేవాడు. తడి అంత తొందరగా ఆరిపోయేది మరి.

బావ సన్నగా, పొడుగ్గా ఉంటాడు. భుజాన ఎప్పుడూ ఒక ఎర్ర తుండుగుడ్డ. వాళ్ల నాయన తిమ్మప్ప పోయినప్పటి నుంచి ఆయనే పూజారి. తన పనులకు కూడా పువ్వు అడిగేవాడు. ఒకసారి గొడుగు కొనాలా వద్దా అని అడిగాడు. మా సీమలో గొడుగు కొనడమే ఒక ఎగతాళి, దానికి దేవుణ్ణి కూడా ఇబ్బంది పెట్టాలా? ఒక్క మా అక్కను చేసుకునేటప్పుడు మాత్రం అడగలేదట. అడిగి ఉంటే ఎడమదే రాలి ఉండేదని నేనంటే అక్క గరిటె ఎత్తేది.

నేను నమ్మేవాణ్ణి కాను. మనిషి చేసేది మనిషే చేస్తాడు, చేసి దేవుడి నెత్తిన వేస్తాడు అని నా వాదన. మధ్యాహ్నం బేరం లేనప్పుడు బావ నా బెంచీ మీద కూర్చునేవాడు. ఇద్దరం వాదనకు దిగేవాళ్లం.

"పువ్వు రాలేది తడి ఆరినందుకు బావా."

"తడి ఎవురు ఆరబెట్టినారప్పా?"

"ఎండ."

"ఎండ ఎవురిది, మీ నాయనదా?" అనేవాడు. ఆ వెంటనే పాత పాట అందుకునేవాడు. "శివుని ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదప్పా."

"మరి కుట్టిన చీమను యాల నలుపుతావు? ఆజ్ఞ మోసుకోనొచ్చిన దాన్ని చంపచ్చునా?"

"నలిపేదీ ఆయన ఆజ్ఞే."

ఇట్లాంటి మనిషితో ఎవరు గెలుస్తారు? టీ తాగి, గ్లాసు కడిగి పెట్టి, గెలిచినట్టు నవ్వుతూ పోయేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది. తర్వాత అదే నవ్వు కోసం ఎదురుచూసే రోజులు వస్తాయని అనుకోలేదు.

మా వీధిలోనే రామాంజి అని ఒక రైతు ఉండేవాడు. మెట్ట చేను, ఎద్దుల జత, భార్య అక్కమ్మ, ఇద్దరు ఆడపిల్లలు. వరసగా వానలు ఎగ్గొట్టాయి. రామాంజి పువ్వు అడిగి ఒక బోరు వేయించాడు. మరుసటి ఏడు మళ్లీ అడిగి ఇంకొకటి వేయించాడు. రెండుసార్లూ కుడి పువ్వే రాలింది. రెండు బోర్లలోనూ తెల్లటి దుమ్ము లేచింది తప్ప తేమ లేదు. రెండువేల రెండులో మూడోసారి వచ్చాడు. వెనక అక్కమ్మ ఉంది. ఎద్దులను అమ్మి ఇంకొక బోరు వేయించాలా అన్నది ప్రశ్న. వద్దంటే మేస్త్రీ వెంట బెంగళూరుకు పోయి బిల్డింగు పని చేసుకుంటానన్నాడు.

ఎడమ పువ్వు రాలింది. రామాంజి కళ్లు తెరిచి చూసి, స్వామికి సాష్టాంగపడి, ఆ వారంలోనే బస్సెక్కాడు. పోతూ పోతూ నా హోటల్లో టీ తాగాడు. ఎద్దులు మిగిలినాయి చాలు అన్నాడు.

వేసవి రాకముందే శవం వచ్చింది. కడుతున్న బిల్డింగు మీది నుంచి పడ్డాడట. ఊరంతా ఏడ్చింది. బావ మాత్రం ఏడవలేదు, గోడకు ఆనుకుని బిగుసుకుపోయి నిలబడ్డాడు. అక్కమ్మ ఆయన్ను చూసి, అంత దుఃఖంలోనూ, "నువ్వేం చేస్తావన్నా. రాసిపెట్టి ఉండాది" అంది.

ఆ తర్వాత కనిపించినప్పుడల్లా అదే మాట. బోరింగు దగ్గర అదే, అంగడి దగ్గర అదే. "దేవుడు రాసినాడన్నా." ఆమె ఓదారుస్తున్న కొద్దీ బావ చిక్కిపోతూ వచ్చాడు. అక్క సంగటి పెడితే రెండు ముద్దలు కలిపి లేచిపోయేవాడు. పువ్వు పెట్టడం మానేశాడు. ఎవరైనా అడిగితే చేతులు వణుకుతున్నాయి, వేరే గుడికి పొమ్మనేవాడు. చేతులకు ఏ రోగమూ లేదు. మా అక్క దిగులుపడి తాయెత్తు కట్టించింది.

ఒక మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతుంటే వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. టీ ఇస్తే ముట్టలేదు.

"ఆ పొద్దు ఎడమ పువ్వు తడిని తుండుగుడ్డతో అద్ది తీసేసినాప్పా" అన్నాడు.

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక పొయ్యి ఆర్పేసి వచ్చి ఎదురుగా కూర్చున్నాను.

"రెండుసార్లు కుడిది పడె. రెండుసార్లూ దుమ్మే వచ్చె. మూడోసారీ అదే పడితే ఎద్దులూ పోతాయి, వాడు మందు తాగి సస్తాడు అనిపిచ్చె. మనసులో అనుకునే లోపలే చెయ్యి పోయింది. నేను పంపితినో, తానే పోయెనో ఇంతవరకూ తెల్దు."

ఇన్నేళ్లుగా నేను కోరుకున్న గెలుపు నా ముందు కూర్చుని ఉంది. నాకు ఏడుపొచ్చింది. "నువ్వెవురు బావా చేసేదానికి? శివుని ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదు. నీ చేత ఆయనే చేయించినాడు" అన్నాను. నా నోటి నుంచే ఆ మాట వచ్చింది.

బావ నా వంక జాలిగా చూశాడు. "చీమకు తెల్దప్పా. నాకు తెలుసు కదా. ఆయనే చేయించింటే నాకు కూడు సయించల్ల కదా."

"అట్లయితే అక్కమ్మకు చెప్పు."

"చెప్తే ఆయమ్మ ఏమైపోతుంది? దేవుడు రాసినాడనుకోనే బతుకుతాండాది. ఆ ఊతకట్టె కూడా ఇరిచేయమంటావా?"

చెప్పమనడానికీ, వద్దనడానికీ నాకు ధైర్యం చాలలేదు. వాదనకైతే ముందుకొస్తాను గానీ.

రెండువేల మూడు ఏరువాక దగ్గరపడింది. ఒక శనివారం పొద్దున నేను గుడికి టీ తీసుకుపోయేసరికి అక్కమ్మ గడప దగ్గర నిలబడి ఉంది. రామాంజిని తీసుకుపోయిన మేస్త్రీయే ఆమెను కూడా ఇటుకలు మోసే పనికి రమ్మన్నాడట.

"ఎద్దులు అమ్మి బెంగళూరుకు పోవల్లనా, ఈడే ఉండి చెనక్కాయ ఇత్తల్లనా? పువ్వు పెట్టన్నా."

"నేను పెట్టేది ఇడ్సినానమ్మా."

"నాకు పెట్టల్ల."

"ఇంక యాడన్నా అడుగు తల్లీ."

"మొగుణ్ణి పోగొట్టుకున్నదాన్ని. ఆడపిల్లల్ని ఎంటేసుకొని యాడ అడగాలన్నా నేను?" గొంతు లేచింది. "ఆయప్పకు పెట్టిన చేత్తోనే నాకూ పెట్టు!"

బావ గర్భగుడి గడప మీదే కూలబడ్డాడు. "ఆ చెయ్యి మంచిది కాదమ్మా" అన్నాడు. ఆపైన తల ఎత్తకుండానే తుండుగుడ్డ సంగతి అంతా చెప్పేశాడు. నేను టీ గ్లాసు పట్టుకుని నిలబడిపోయాను. ఆమె పడిపోతుందేమో, చెప్పు తీస్తుందేమో, శాపనార్థాలు పెడుతుందేమో అని భయపడ్డాను.

అక్కమ్మ కదలలేదు. "తెలుసన్నా" అంది.

బావ తలెత్తాడు.

"ఆయప్ప కండ్లు మూసుకోనుండె. నేను మూసుకోలే. నువ్వు అద్దేది చూసినా."

"చూసి... ఒక్క మాట అనకపోతివే తల్లీ?"

"నేనూ అదే కోరుకుంటిని కాబట్టి. ఎద్దులు పోకుంటే చాలు, ఎడమదే పడనీ స్వామీ అని మొక్కుకుంటాంటి. ఆ పొద్దు నోరు తెరిచింటే ఆయప్ప పోతాండలే." కొంగు నోట్లో కుక్కుకుని, మళ్లీ లాగేసింది. "దేవుడు రాసినాడు, దేవుడు రాసినాడు అని ఊరంతా చెప్పుకుంటా తిరిగితిని. నీ కోసరం అనుకుంటివా అన్నా?"

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో ఇప్పటికీ తెలియదు. అక్కమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "పెట్టు. రెండు పక్కలా సమానంగా పెట్టు" అంది.

బావ లేచాడు. తుండుగుడ్డ తీసి బయట నా చేతికిచ్చి, ఉత్త భుజాలతో లోపలికి పోయాడు. రెండు పూలూ చెంబులో ముంచాడు. ఈసారి ముగ్గురిలో ఎవరమూ కళ్లు మూసుకోలేదు.

కుడి పువ్వు రాలింది. అంటే బెంగళూరుకు పొమ్మన్నట్టు. అక్కమ్మ రాలిన పువ్వును కళ్లకద్దుకుని కొప్పులో పెట్టుకోకుండా కొంగున ముడేసుకుంది. గుడి మెట్లు దిగి, "నేను పోను" అంది. దేవుడు సరే అన్నాడు కదమ్మా అని నేనన్నాను. నేను! "అన్నాడు. వింటిని కదా" అని ఇంటిదారి పట్టింది.

ఆ ఏడు బావ మళ్లీ పువ్వు పెట్టడం మొదలుపెట్టాడు, కళ్ల నియమంతో సహా. గుడిలో ఉన్నంతసేపు భుజాన తుండుగుడ్డ ఉండదు. అన్నం మళ్లీ తినసాగాడు గానీ చీమల వాదన మాత్రం నాతో ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

వాన ఒకసారి పడి మాయమైంది. అక్కమ్మ వేసిన వేరుశనగ, కాయ పట్టేందుకు ఊడలు దిగే వేళకు వాడిపోయింది. నేనూ బావా చూడబోయేసరికి ఆమె, పిల్లలిద్దరూ చేలో వంగి ఎండిన చెట్లు పీకుతున్నారు. ఎద్దులకు మేతైనా అవుతుందని. బావ గట్టు మీద నిలబడి, ఏమనాలో తోచక, "రాసి..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

"నేను ఇత్తిన చేనన్నా ఇది" అంది అక్కమ్మ, నడుము ఎత్తకుండానే. "దీనికి ఎవురినీ ఏమనొద్దు."

బావ పంచె ఎగ్గట్టి చేలోకి దిగి, ఆమె పక్క సాలు పట్టుకున్నాడు.