దుప్పికి అడ్డంగా నా ఫ్లెక్సీ

నల్గొండ నుంచి అచ్చంపేటకు నేరుగా పోయే బస్సు దొరికితే అదృష్టం. దొరక్కపోతే దేవరకొండలో మారాలి. నాకు దొరకలేదు. మే నెలలో ఒక ఆదివారం పొద్దున ఆరింటికి దేవరకొండ బస్సెక్కాను. భుజాన మా బామ్మర్దిని బతిమాలి తెచ్చుకున్న కెమెరా, నెత్తిన పెద్ద అంచు టోపీ. నిజానికి నేను జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పే మనిషిని. సెలవుల్లో ఊళ్లు తిరిగొచ్చి పత్రికకు రాస్తుంటాను.

ఈసారి బయల్దేరడానికి కారణం నల్లమల అంచున ఉన్న ఒక చిన్న ఊరు. అక్కడివాళ్లు ఎండాకాలమంతా దుప్పుల కోసం నీళ్లు మోస్తున్నారని విన్నాను. వాళ్లను కూడగట్టిన ఏసోబు ట్రాలీ ఆటో నడుపుతాడు. వారం ముందే అతనికి ఫోన్ చేసి, "మీ గురించి పత్రికలో రాస్తా, ఫొటోలు మంచిగా రావాలె, జర ఏర్పాట్లు చూడండి" అన్నాను. "గదంతా మేం జూసుకుంటం సార్, నువ్వు ఫికర్ జేయకు" అన్నాడు. అన్నట్టే చూసుకున్నాడు.

బస్సులో పక్క సీటు అవ్వ నా టోపీని, కెమెరాను మార్చి మార్చి చూసింది.

"ఏడికి బిడ్డా గీ ఏషం?"

"అడవికి అవ్వా. జంతువులను చూసి రాయడానికి."

"మా పెరట్ల మస్తు కోతులున్నయ్. రా, ఉత్తగనే సూపిస్త."

ముందు సీటువాళ్లు పకపకా నవ్వారు. నేను టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

దేవరకొండలో దిగేసరికి ఎనిమిది. ఈ దారిన వెళ్లాలనుకునేవాళ్లు టిఫిన్ ఇక్కడే కానివ్వండి. బస్టాండు ఎదుట పూరీ బాగుంది, ఆలుగడ్డ కూర ఇంకా బాగుంది. రెండో బస్సులో డిండి దాటాక ఎండ ముదిరింది. డిండి చెరువులో నీళ్లు బాగా లోపలికి పోయి, ఒడ్డంతా నెర్రెలు బారి ఉంది. అచ్చంపేట చేరేసరికి పదకొండు దాటింది. వేసవిలో వెళ్లేవాళ్లు రెండు సీసాల నీళ్లు పెట్టుకోండి. నేను టోపీ మీద పెట్టిన శ్రద్ధ నీళ్ల మీద పెట్టలేదు.

ఏసోబు ట్రాలీతో వచ్చి బస్టాండు బయట నిలబడ్డాడు. నలభై ఏళ్లుంటాయి, సన్నగా, నవ్వుముఖం. వెనక రెండు ఖాళీ డ్రమ్ములు, వాటి మధ్య నేను. ఊరు చేరేదాకా డ్రమ్ములు నన్ను ఇటోసారి, అటోసారి గుద్దుతూనే ఉన్నాయి. మధ్యాహ్నం భోజనం ఆ ఊరి రైతు బాలమణమ్మ ఇంట్లో. జొన్నరొట్టె, చింతచిగురు పప్పు. బాలమణమ్మకు అడవికి ఆనుకొని ఎకరం పొలం, అందులో బోరు ఉన్నాయి. దుప్పులకు పోసే నీళ్లన్నీ ఆ బోరువే.

"మరి నీ వంకాయ తోటకు?" అని అడిగాను.

"మిగిల్తె దానికి. అది అరిసి అడుగుతదా?" అంది.

తింటూండగా ఆమే చెప్పింది. పోయినేడాది ఎండల్లో ఒక సూడి దుప్పి దాహానికి తాళలేక పొలాల్లోకి దిగింది. ఆమె బోరు దగ్గరే కుక్కలు దాన్ని పట్టుకున్నాయి. "కట్టె వట్టుకొని ఉరికిన సార్. అందలే. నా కండ్ల ముంగటనే పాయె" అంది. ఆ తర్వాతే ఊళ్లో పదిమంది కలిసి, అటవీ శాఖవాళ్లు అడవి అంచున కట్టి వదిలేసిన సిమెంటు సాసర్‌ను బాగుచేశారు. సాసర్ అంటే నేలలోకి పళ్లెంలా కట్టిన లోతులేని తొట్టి. అందులో నీళ్లుంటే దుప్పులు పొలాల్లోకి దిగవు. ఈ ఏడు ఒక తల్లి, పిల్ల రోజూ సాయంత్రం వస్తున్నాయట.

"అయితే ఈరోజు ఫొటో ఖాయం" అన్నాను.

ఏసోబు, బాలమణమ్మ ముఖముఖాలు చూసుకున్నారు. ఎందుకో నాకు అప్పుడు తట్టలేదు.

మూడింటికి సాసర్ దగ్గరకు నడిచాం. తునికి చెట్ల మధ్య దూరం నుంచే ఏదో ఎర్రగా, పచ్చగా కనబడింది. దగ్గరకు పోతే ఏముంది? రెండు చెట్లకు కట్టిన పెద్ద ఫ్లెక్సీ. అందులో నేను! వాట్సాప్‌లో పెట్టుకున్న నా ఫొటోనే, తలుపంత చేసి, కింద 'స్వాగతం సుస్వాగతం' అని వేయించారు. సాసర్ చుట్టూ ముగ్గు, గట్టుకు బంతిపూల దండ. కొబ్బరికాయ కొట్టించారు, రిబ్బన్ కత్తిరించమన్నారు. వద్దనొచ్చు. అనలేదు. పైగా ఫ్లెక్సీ మొత్తం పడేలా ఏసోబుతో ఐదారు ఫొటోలు తీయించుకున్నాను. మా ఇంటి గోడ మీద కూడా నాకు అంత జాగా లేదు.

తర్వాత కొంత దూరంలో పొద చాటున కూర్చున్నాం. నాలుగైంది. ఐదైంది. ఒక నెమలి వచ్చి, పైకి చూసి, వచ్చిన దారినే పోయింది. గాలి వీచినప్పుడల్లా ఫ్లెక్సీ టపటపా కొట్టుకుంటోంది. నేను కెమెరా సర్దుకుంటూ, జంతువులు మనుషుల వాసన ఎలా పసిగడతాయో నాకు తెలిసిందీ తెలియందీ కలిపి వాళ్లకు చెబుతున్నాను. ఇద్దరూ మర్యాదగా వింటున్నారు.

ఐదున్నరకు పొలాల వైపు నుంచి కుక్కల అరుపులు వినబడ్డాయి. బాలమణమ్మ దిగ్గున లేచి నిలబడింది.

"ఏసోబూ, నేను జెప్త ఇగ" అంది.

"ఊకో అత్తా. సార్ ఉన్నడు."

"ఉంటె ఉండనీ. సార్, కోపానికి రాకు. నిన్న పొద్దుగాల నీ బొమ్మ గట్టినం. నిన్న తల్లీపిల్లా రాలే. ఇయ్యాల రాలే. నిన్నటి సంది నీళ్లు లెవ్వు వాటికి. ఇగ పొలాలకే దిగుతయ్."

"మరి నిన్ననే తీసేయలేకపోయారా?" అన్నాను.

ఏసోబు తల గోక్కున్నాడు. "ఎట్ల దీస్తం సార్? మా కోసం గంత దూరం నుంచి వస్తుంటివి. వచ్చిన మనిషి బొమ్మ దించితె ఏం మర్యాద?"

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పాపం వీళ్లు నా ముఖం చిన్నబోతుందని ఆ తల్లీపిల్లలను దాహంతో మాడ్చారు. నేను ఆ ముఖం కిందే కూర్చుని పాఠం చెప్పాను. చెప్పులు విడిచి చెట్టెక్కబోయాను. సగం దూరం పోయి జారి, మోచేయి గీరుకుపోయింది. చివరికి ఏసోబు ఎక్కి తాళ్లు కోశాడు. నేను దండ తీసి, ముగ్గు మీద మన్ను చల్లి, నీళ్లలో పడ్డ బంతి రేకులు ఏరాను. బాలమణమ్మ అప్పటికే కట్టె పట్టుకుని కుక్కల వైపు పరుగెత్తింది.

"కొద్దిసేపు ఉండనా? ఫొటో లేకున్నా సరే, ఊరికే చూస్తా" అని ఏసోబును అడిగాను.

అతను కోసిన తాళ్లను చుట్టిందే మళ్లీ చుట్టసాగాడు. వద్దనడానికి మళ్లీ మర్యాద అడ్డొచ్చిందని అర్థమైంది. "పోదాం పా" అని నేనే అన్నాను. ఒక దుప్పిని చూడాలని అంత ఆశ పడతానని నేనెప్పుడూ అనుకోలేదు. ఊరిదాకా వెనక్కి తిరిగి చూస్తూనే నడిచాను.

అచ్చంపేటలో ఏడింటికి దేవరకొండ బస్సు దొరికింది. కిటికీ పక్కన కూర్చున్నాను గానీ బస్సులో లైట్ల వెలుగుకు బయట ఏమీ కనబడలేదు. మోచేయి మండుతోంది. కుక్కలే గుర్తుకొస్తున్నాయి. బస్సు డిండి దగ్గరికి వచ్చేసరికి ఫోన్ మోగింది. బాలమణమ్మ. పొలంలో మంచె మీద నుంచి గుసగుసగా మాట్లాడుతోంది.

"సార్, వచ్చినయ్! ముంగట తల్లి, ఎన్క పిల్ల. వెన్నెల్ల మంచిగ కనవడుతున్నయ్. తాగుతున్నయ్ సార్, ఇంగ తాగుతనే ఉన్నయ్."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కాయన చూస్తాడని కిటికీ వైపు తిరిగాను.

"నేను బయల్దేరాక ఎంతసేపటికి వచ్చాయమ్మా?"

"నువ్వట్ల పోయినవ్, అవిట్ల వచ్చినయ్" అంది సంతోషంగా.

ఇన్నేళ్లుగా ఊళ్లు తిరుగుతున్నాను, వెళ్లిన ప్రతిచోటా ఎంతోకొంత మేలు చేసే వస్తున్నాననుకునేవాణ్ని. అడవికి నేను చేసిన మేలు మాత్రం ఇదొక్కటే, ఏడింటి బస్సెక్కడం.