కళాయి పూయించిన పతకం

ఆ రోజుల్లో చిత్తూరులో నాలుగక్షరాలు ఇంగ్లీషు వచ్చిన ప్రతివాడికీ ఏదో ఒక పిచ్చి ఉండేది. పిచ్చి లేనివాణ్ణి చదువుకున్నవాడిగా లెక్కపెట్టేవాళ్ళు కాదు. ఒకడు తపాలా బిళ్ళలు అంటించుకునేవాడు, ఇంకొకడు సిగరెట్టు పెట్టెల మీది బొమ్మలు కత్తిరించుకునేవాడు, మా కచేరీలోనే ఒకాయన రైలు టిక్కెట్లు పోగుచేసేవాడు (వాటిలో సగం ఆయన ఎక్కని రైళ్ళవి). నాకు పట్టింది పతకాల పిచ్చి. రెండో యుద్ధం ముగిసిన మరుసటి ఏడు అది. నాకు పందొమ్మిదేళ్ళు. తాలూకా కచేరీలో నకళ్ళు రాసే గుమాస్తాను. మూతి మీద మీసం పలచనే గానీ బుర్రలో గర్వం మాత్రం దట్టంగా ఉండేది. ఈ పిచ్చి నాకు అంటించినవాడు మా హెడ్డు గుమాస్తా. ఆయన తండ్రి కూడా సర్కారు కొలువే చేసి, రాజుగారి జూబిలీకి ఒక వెండి పతకం సంపాదించుకున్నాడు. ఆ తండ్రి చేసిన ఘనకార్యమల్లా జీవితమంతా శిస్తు వసూలు చేసి కూడా ఎవరిచేతా తన్నులు తినకపోవడమేనని మేము చాటున అనుకునేవాళ్ళం. ఆ పతకాన్ని అద్దాల పెట్టెలో పెట్టి, పండగకు ఇంటికి పిలిచి, "సూడండి, తాకొద్దండి" అనేవాడు హెడ్డు గుమాస్తా. తాకొద్దన్నదే తాకాలనిపించే వయసు నాది.

నేను "పతకాలు పోగుచేస్తున్నాను" అని ఎన్నడూ అనలేదు. "పరిశోధన చేస్తున్నాను" అనేవాణ్ణి. అందుకోసం అట్ట వేసిన నోటు పుస్తకం ఒకటి కుట్టించాను. అందులో ఎక్కించడానికి నా దగ్గర ఉన్నవి మూడే మూడు. ఒకటి మిషను బడిలో ఎత్తు దూకినందుకు ఎవరికో ఇచ్చింది, ఒకటి చచ్చిపోయిన బంట్రోతు నడుము పట్టీ నుంచి ఊడిన ఇత్తడి బిళ్ళ, మూడోది ఏమిటో నాకే తెలియదు (తరువాత తెలిసింది, గుర్రపు జీనుకు కొట్టే బిళ్ళ అది). యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ళను అడుగుదామంటే వాళ్ళకు ఇంకా రొమ్ము మీద రంగు రిబ్బన్లే తప్ప పతకాలు చేతికి రాలేదు. వచ్చినా ఇస్తారా? "మా నాయన అడిగితేనే ఈను, నీకెందుకిస్తానప్పా" అన్నాడొక సిపాయి మొహం మీదే. కాబట్టి పరిశోధకుడి చూపు మొదటి యుద్ధం మీదికి మళ్ళింది.

అప్పుడు పిలిచింది బొరుగులవ్వ. కచేరీ గేటు పక్కన గంపలో బొరుగులు, వేరుశనక్కాయలు పెట్టుకుని అమ్మే ముసలామె. మధ్యాహ్నం మా ఆకలి చాలావరకు ఆమె చేతిలోనే ఉండేది. "నాయనా, నువ్వేదో బిళ్ళలు ఏరుకుంటా ఉండావంటనే. మా ఇంట్లో ఒకటి ఉండాది, సూస్తావా?" అంది. చూస్తావా ఏమిటి, కచేరీ మూయకముందే ఆమె ఇంటి ముందు నిలబడ్డాను. గోడకున్న దేవుడి పటాల నడుమ మేకుకు వేలాడుతోంది పతకం. ప్రతి శుక్రవారం పెట్టిన పసుపు కుంకుమలు పొర మీద పొర పేరుకుని, పతకమో పిడకో తెలియకుండా ఉంది. ఆమె భర్త మొదటి యుద్ధంలో సైన్యానికి మూటలు మోసే కూలీ దండులో చేరి బస్రాకు పోయే ఓడ ఎక్కాడట. పెళ్ళయి అప్పటికి రెండేళ్ళు. పోయాడని ముందు కాగితం వచ్చింది, ఆ తరువాత ఎప్పటికో ఈ బిళ్ళ టపాలో వచ్చింది.

"ఆయన పేరు దీంట్లో ఉండాదని టపా తెచ్చినాయన సెప్పినాడు నాయనా" అంది అవ్వ. నేను గోటితో పసుపు గీకాను. రాజుగారి తల బయటపడింది, తల చుట్టూ అక్షరాలు. చదివి పకపకా నవ్వాను. "అవ్వా, ఇది నీ మొగుడి పేరు కాదు, జార్జి రాజు పేరు! ఇన్నేళ్ళూ నువ్వు పసుపు పెట్టింది రాజుకు!" అవ్వ ఆ తల వైపు చూసింది. "రాజుకా? పోనీలే నాయనా. ఆయప్ప కూడా పోయినాడంట కదా. ఆయన పెండ్లాం కూడా నా మాదిరేగదా" అంది. అని, పతకం నా చేతిలోనే ఉంచి నా చెయ్యి మూసింది. "నువ్వు దొరలకు ఇంగిలీసులో జాబులు రాస్తావు. ఆయన్ను యాడ పూడ్సినారో కనుక్కో నాయనా. బస్రా బస్రా అంటారు, అది ఏ దిక్కున ఉండాదో ఎవురికి తెలుసు? తెలిస్తే ఆ దిక్కుకు తిరిగి ఒక దీపం పెట్టుకుంటా. ఇన్నేండ్లుగా పెట్టల్ల పెట్టల్ల అనుకుంటా ఉండా, ఏ పక్కకు తిరిగేదో తెలీక ఊరుకుంటి." దాందేముందవ్వా, నెల తిరక్కుండా చెబుతాను అన్నాను. పరిశోధకుణ్ణి కదా.

ఇంటికి తెచ్చి చింతపండుతో తోమితే ఎర్రగా తేలింది. వెండి కాదు, కంచు. నా మొహం వాడిపోయింది. హెడ్డు గుమాస్తా తండ్రిది వెండి, నాది కంచా? సరిగ్గా అప్పుడే వీధిలో "కళాయీ, పాత్రలకు కళాయీ" అని కేక వినిపించింది. ఇప్పటి పిల్లలకు తెలియదు గానీ, ఇత్తడి గిన్నెల్లో పులుసు చిలుము పట్టకుండా లోపల తగరం పూత పూయించేవాళ్ళు. పూత పడగానే గిన్నె వెండిలా మెరిసేది. వెండిలా! ఆ మాట తట్టగానే మా అమ్మ రెండు గిన్నెలతో పాటు పతకాన్ని కూడా పట్టుకుపోయాను. కళాయి ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది ఏ చెంబు మూత సామీ?" అన్నాడు. మూత కాదు, రాజుగారిచ్చిన బిరుదు అన్నాను. "రాజైనా నా కొలిమిలో ఒకటే" అని, పూత అంటుకోవడానికి నవాసారం పొడి చల్లి, రెండు వైపులా, అంచుతో సహా, బ్రహ్మాండంగా పూసి ఇచ్చాడు. రాజుగారి ముక్కు కాస్త మొద్దుబారింది గానీ ధగధగలాడిపోయింది. నోటు పుస్తకంలో "వెండి" అని రాసుకున్నాను. ఆ అక్షరాలు చూస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆదివారం రైలెక్కి తిరుపతి పోయాను. అక్కడ ఒక సత్రానికి కావలి ఉండే జమేదారు మామ (మా అమ్మకు దూరపు తమ్ముడు) మొదటి యుద్ధం చూసి వచ్చినవాడు. మా బంధువుల్లో ఫిరంగి మోత విన్నవాడు ఆయన ఒక్కడే. ఆయనతో శభాష్ అనిపించుకోవాలని నా ఆశ. ఆయన పతకం అందుకుని రాజును చూడనే లేదు, నేరుగా అంచు తిప్పాడు. ఇంకోసారి తిప్పాడు. "పేరు యాడరా?" అన్నాడు. ఏ పేరు అన్నాను. "ఓరి నీ చదువు తగలబడ! ఎవురికిచ్చినారో ఆ సిపాయి నెంబరూ పేరూ అంచున కొట్టి ఇస్తారురా. మొగాన ఉండేది రాజు, అంచున ఉండేదే మనిషి. కూలీ దండోళ్ళకు ఇచ్చింది కంచుది, ఇది తెల్లగా ఎట్లుండాది?" నేను కళాయి సంగతి చెప్పాను. జమేదారు మామ నవ్విన నవ్వుకు సత్రంలో పడుకున్న యాత్రికులు లేచి కూర్చున్నారు. నవ్వడం అయ్యాక మాత్రం మెత్తగా అన్నాడు. "పేరు యాడికీ పోలేదురా, పూత కింద ఉండాది. సన్న సెగ మీద పెట్టి గుడ్డతో తుడిస్తే తగరం జారిపోతాది. తొందరపడి గీకవాకు."

తొందరపడవద్దని చెబితే నేను వినిందెప్పుడు? ఆ మర్నాడే పక్కింటి వడ్రంగి ఆకురాయి అడిగి తెచ్చుకుని అంచుకు పట్టించాను. తగరం పొడి రాలింది, లోపల కంచు కనిపించింది, కంచు మీద ఏదో గీత కనిపించింది. ఆహా, పేరు వస్తోంది! అని ఇంకొంచెం గీకాను. గీత పోయింది. సరిగా గీకలేదేమోనని మళ్ళీ గీకాను. అంచంతా మా ఇంటి రోలు లోపలిలా నున్నగా వచ్చేదాకా గీకి, అప్పుడు చెయ్యి ఆపాను. ఆపినాక అర్థమయింది, రాలిన పొడిలో సగం అక్షరాలని. ఏడుపు వచ్చింది. గుమాస్తా అన్నవాడు ఏడవకూడదని మొహం కడుక్కున్నాను.

నాలుగు రోజులు గేటు దగ్గరికి పోకుండా వెనక దారిన కచేరీకి వెళ్ళాను, బొరుగులు మాని పస్తున్నాను. చివరికి ధైర్యం చేసి పతకం అవ్వ చేతిలో పెట్టాను. ఆమె దాని మెరుపు చూడలేదు. బొటనవేలితో అంచు తడిమింది. "ఇది మాది కాదు నాయనా. మాదాంట్లో ఈడ గరుగ్గా ఉండె. పసుపు పెట్టేటప్పుడు వేలికి తగలతా ఉండె." అదే అవ్వా, ఆ గరుకే నీ మొగుడి పేరు, నేనే చెరిపేశాను అని చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేది! "అట్లనా, అదేనా పేరు" అని ఇంకోసారి తడుముకుని, "పోతే పోయిందిలే. పేరు నాకు తెలుసు కదా" అంది.

ప్రాణం లేచొచ్చింది. నోటు పుస్తకం తీసి, చెప్పవ్వా, రాసుకుంటాను అన్నాను. "నేనెట్ల సెప్పేది? మొగుని పేరు నోట పలికితే ఆయుస్సు తగ్గిపోతాది అంటారు." "ఆయన పోయి ఇన్నేళ్ళయింది కదవ్వా, ఇంకా తగ్గేదేముంది?" అన్నాను. (ఇంత తెలివి నాకు ఎక్కడి నుంచి వచ్చేదో!) అవ్వ ఆ మాట విననట్టే గంప సర్దుకుని, దారి మార్చింది. "అడవిలో కూసోని తపస్సు సేస్తారే, వాళ్ళను ఏమంటారు?" ఋషులు అన్నాను. "ఇంకో మాట." సన్యాసి. "నీ నోట్లో మన్నుపడ! పెండ్లాన్ని సేసుకున్నోడు సన్యాసా?" యోగి. "సరే, అది ఇడిసిపెట్టు. కొండ మీద ఉండాడే దేవుడు, ఆయన్ను ఏమని పిలస్తారు?" గోవిందా అన్నాను. రెండూ కలిపి "యోగి గోవిందు" అని రాసుకుని, చూసుకోమన్నట్టు గట్టిగా చదివాను. అవ్వ ఓపిక అక్కడితో చచ్చింది. "మునిసామి! మునిసామిరా అబ్బోడా! నా మొగుడు మునిసామి!"

గేటు దగ్గరి జనమంతా తిరిగి చూశారు. అవ్వ రెండు చేతులతో నోరు మూసుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకుని దగ్గరికి వంగాను. నవ్వుతోంది. ఇంకా దగ్గరగా చూస్తే ఏడుస్తోంది కూడా. ఊరంతా "ఏం సామీ", "రా సామీ" అని పిలుచుకునే చోట ఉంటూ ఆమె అందరినీ "నాయనా" అని మాత్రమే ఎందుకు పిలిచేదో నాకు అప్పుడు తెలిసింది.

నాకొచ్చిన మంచి ఇంగ్లీషంతా పోసి, సిపాయిల లెక్కలుండే దండు కచేరీకి జాబు రాశాను. రెండు నెలలకు బదులొచ్చింది. ఆ పేరు గలవాళ్ళు మా దస్తర్లలో చాలామంది ఉన్నారు, పతకం అంచున ఉన్న నెంబరు తెలిపితే వెతికించగలము అని. తప్పు వాళ్ళది కాదు. మా జిల్లాలో రాయి విసిరితే ఒక మునిసామికో మునెప్పకో తగలక మానదు. నెంబరు నా ఆకురాయి పొడిలో పోయింది. ఆ జాబు జేబులో పెట్టుకుని అవ్వ దగ్గరికి పోయాను, చెప్పలేక బొరుగులు కొనుక్కుని వచ్చేశాను.

ఆ తరువాత మొదలైంది అసలు శిక్ష. ఒకసారి పలికిన నోటికి ఇక భయం లేకుండా పోయింది. పొద్దున నేను గేటు దాటుతుంటే, జనంలో, బంట్రోతుల ముందర, గొంతెత్తి, "ఏం నాయనా, మా మునిసామి సంగతి జాబు వచ్చిందా?" అనేది. ఆ పేరు అనేటప్పుడు కొత్త పెళ్ళికూతురిలా ఆమె మొహం వెలిగేది. రాలేదవ్వా అనేవాణ్ణి. ఒక ఏడంతా అన్నాను. మదనపల్లెకు బదిలీ అయి బస్సెక్కే రోజు కూడా బొరుగుల పొట్లం ఒళ్ళో పెట్టి, "ఆడికైనా జాబు వస్తాది కదా?" అంది. వస్తుందవ్వా అన్నాను. మళ్ళీ చిత్తూరు వచ్చేసరికి గేటు పక్కన ఆ గంప లేదు.

ఉద్యోగం విరమించాక ఒక సాయంత్రం పరిశోధన కోసమే (అది ఇంకా వదల్లేదు) భూపటం పరిచి బస్రా ఎక్కడుందో వేలు పెట్టి చూశాను. చిత్తూరు మీద పెట్టిన వేలు సముద్రం దాటి ఎడమ వైపుకు పోయింది. అవ్వ నన్ను అడిగింది సమాధి నెంబరు కాదు, ఏ దిక్కుకు తిరగాలని మాత్రమే. అది చెప్పడానికి ఏ దండు కచేరీ అక్కర్లేదు, బడికి పోయే పిల్లవాడైనా చెబుతాడు. నాకు తట్టలేదు. ఆకురాయితో అంచు గీకుతూ కూర్చున్న ఆ గుమాస్తాను తలచుకుంటే ఇప్పుడు నవ్వు వస్తుంది, కోపం మాత్రం రావడం లేదు, అంత మూర్ఖుణ్ణి కోప్పడి ఏం లాభం? ఒక్కటే అనిపిస్తుంది. పడమరకు తిరుగవ్వా, అని ఆనాడే అంటే సరిపోయేది.